గోడవైపు తిప్పిన కాగితాలు

మేకు ఖాళీగా ఉంది.

మిషనమ్మ అలవాటు ప్రకారం చూడకుండానే గోడ మీదికి చెయ్యి చాపింది. వేళ్ళకి మేకు తగిలింది గానీ దానికి ఉండాల్సిన కాగితం తగల్లేదు. తల తిప్పి చూసింది. పక్క మేకూ ఖాళీయే. ఆ వరసా, కింది వరసా, అన్నీ ఖాళీయే. ముప్పై ఏళ్ళుగా కాగితాలతో రెపరెపలాడిన గోడ గుండు కొట్టించుకున్నట్టు బోసిగా ఉంది. అక్కగారింట్లో రెండు రోజులుండి ఆవిడ గంట క్రితమే తిరిగొచ్చింది. వచ్చీరాగానే మిషను ముందు కూర్చుందే తప్ప గోడ వంక చూడలేదు.

బల్లకి అవతల లెక్కల టీచరు నీలం రంగు కోటు గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"నా కొలత ఉందిగా?" అని అడిగింది టీచరు. మామూలుగానే అడిగింది గానీ, చెయ్యి మాత్రం మెడ దగ్గరి గుండీ మీదికి పోయింది.

"ఎందుకుండదండీ? లోపల పెట్టాను. గుడ్డ ఇచ్చి నిశ్చింతగా వెళ్ళండి," అంది మిషనమ్మ. అబద్ధం ఆడటం ఆవిడకి బొత్తిగా చేతకాదు. ఆ పూట మాత్రం నోరు తడబడలేదు.

టీచరు ఊపిరి పీల్చుకుని, సాయంత్రం అయిదింటికి హాల్లో కలుద్దామని చెప్పింది. తన దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్ల ఇవాళ సొంతంగా ప్రదర్శన పెడుతోందంటే వెళ్ళకుండా ఎలా ఉంటానంది. కోడలిని కూడా తీసుకొస్తానంది. కూతురి ప్రదర్శనకి ఆ పిలుపు పిలిచింది ఎవరో కాదు, మిషనమ్మే. "మా చిన్నది, మా చిన్నది" అంటూ కార్డు పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కి, కుట్టించుకునే ప్రతి మనిషినీ పేరుపేరునా పిలిచొచ్చింది. టీచరు వీధి మలుపు తిరిగేదాకా నవ్వుమొహంతో నిలబడి, తరవాత మిషనమ్మ కుర్చీలో కూలబడింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ కాగితాల సంగతి చెప్పాలి. తన దగ్గర కుట్టించుకునే ప్రతి ఆడమనిషికీ మిషనమ్మ ఒక కొలత కాగితం కత్తిరిస్తుంది. దళసరి ఖాకీ కాగితంలో ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, మూడూ కలిపి ఒక గుండుసూది. మీద పెన్సిలుతో నాలుగు ముక్కలు రాస్తుంది. అసలు పేర్లు రాయదు. పోస్టాఫీసు, ఆలస్యం, పెద్దగొంతు, లెక్కలు, ఇలా తనకి తోచినవి రాస్తుంది. ఆ పేర్లు క్రమంగా వీధికీ అంటుకున్నాయి. రాసిన వైపు గోడకి తిప్పి, ఖాళీ వైపు పైకి వచ్చేట్టు మేకుకి తగిలిస్తుంది. దుకాణంలోకి వందమంది వస్తారు, ఒక్కరికీ ఒక్క అక్షరం కనపడదు.

లెక్కల టీచరు కాగితం మీద "ఎడమవైపు దూది రెండు పొరలు, లోపలే కలిపి కుట్టాలి" అని ఉంటుంది. ఏడేళ్ళ క్రితం ఆపరేషనయ్యాక ఒక మధ్యాహ్నం టీచరు వచ్చి, షట్టరు తనే కిందికి లాగి, గుండీలు విప్పి నిలబడింది. ఒక్కసారే కొలవమంది. మళ్ళీ జన్మలో ఎవరి చేతా టేపు వేయించుకోనంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. డాక్టరు, టీచరు భర్త, మిషనమ్మ. భర్త పోయాడు. ఒకే ఇంట్లో తిరిగే కోడలికి కూడా తెలియదు. మిషనమ్మ ఆ మాటని తన తలగడకి కూడా చెప్పలేదు.

ఇక కూతురి సంగతి. బొమ్మల చదువు చదివి, ఆరేళ్ళు కాన్వాసుల మీద ఆకాశాలూ మొహాలూ వేసింది. చూసినవాళ్ళు బాగుందని చెప్పి కాఫీ తాగి వెళ్ళిపోయారు. కిందటేడు ఉన్నట్టుండి, "అమ్మా, నీ పనే నా స్ఫూర్తి" అంది. తల్లి పొంగిపోయిందంటే పొంగిపోదూ మరి. పాత కొలత కాగితాలు కావాలని అడిగితే, ట్రంకు పెట్టెలో ఉన్నవి తీసుకోమంది. అవి పోయినవాళ్ళవీ, ఊరు వదిలి వెళ్ళినవాళ్ళవీ. మేకులకున్న వాటి జోలికి వెళ్ళొద్దని విడమరిచి చెప్పింది. తల్లి ఊళ్ళో లేని రెండు రోజుల్లో, దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, కూతురు గోడంతా ఊడ్చుకుపోయింది. అడక్కుండా తీసుకుంటే దాన్ని ఏమంటారో లోకానికంతటికీ తెలుసు. కళాకారులు మాత్రం స్ఫూర్తి అంటారు కాబోలు.

మిషనమ్మ కత్తెర సంచిలో వేసుకుంది. కత్తిరింపు బల్ల సొరుగు లాగి, అడుగున దాచిన ఒకే ఒక్క కాగితం తీసి, చుట్ట చుట్టి అదీ సంచిలో పెట్టుకుంది. గోడకి లేదు కాబట్టి అది కూతురి కంట పడలేదు. బస్సెక్కేసరికి నాలుగు కావస్తోంది.

హాలు ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. ఇప్పుడు గోడలకి తెల్లసున్నం కొట్టి కళ అంటున్నారు. గుమ్మం పక్కన కూతురు తన బొమ్మ తానే గీసి పెట్టుకుంది. భుజాలు రెండూ తక్కెడలో తూచినట్టు సమానంగా ఉన్నాయి. దాని కింద పెద్ద అక్షరాలతో "మా అమ్మ మౌన శ్రమకు" అని ఉంది. మిషనమ్మకి ఒళ్ళు మండింది. తను మౌనంగా ఉన్నది ఎప్పుడు? ఆలస్యం అనే ఆవిడ తెంపుకొచ్చే గుండీల గురించి తను వేసిన కేకలు నాలుగు వీధులకి వినపడతాయి. మౌనంగా ఉన్నది ఒక్క విషయంలోనే. ఆ ఒక్కటీ ఇది బజారున పెట్టింది.

లోపల ముప్పై రెండు కాగితాలు సన్నటి దారాలతో కప్పు నుంచి వేలాడుతున్నాయి. ఒక్కోదాని వెనక ఒక్కో దీపం. అన్నీ రాసిన వైపే పైకి తిరిగి ఉన్నాయి. నట్టనడుమ, అన్నిటికన్నా పెద్ద దీపం ముందు, లెక్కలు.

కూతురు నిచ్చెన మీంచి దిగి నవ్వుతూ ఎదురొచ్చింది. తల్లి మొహం చూసి నవ్వు ఆపేసింది.

"అది తియ్యి," అంది మిషనమ్మ.

అరగంటలో జనం వస్తారనీ, పత్రికకి రాసే పెద్దమనిషి ఒకాయన ఈ కాగితం కోసమే వస్తున్నాడనీ, హాలంతా దీని చుట్టూ కట్టుకున్నాననీ, ఇది తీస్తే మిగిలేది ఏమీ లేదనీ కూతురు బతిమాలింది. దాని మీద పేరు కూడా లేదు కదా అంది.

"లెక్కలు అని ఉంది. మన వీధిలో లెక్కలంటే ఎవరో కుక్కనడిగినా చెప్తుంది. రెండు పొరలంటే ఏమిటో తెలిసే పెట్టావా?"

కూతురు తెలిసే పెట్టానంది. తెలుసు కాబట్టే నడుమ పెట్టానంది. అందులో సిగ్గుపడాల్సింది ఏముందని, అది ధైర్యమని, నలుగురూ చూడాలని చెప్పింది.

"సిగ్గని నేనన్నానా? అది ఆవిడ ఒళ్ళు. చెప్పుకుంటే ఆవిడ చెప్పుకోవాలి, దాచుకుంటే ఆవిడ దాచుకోవాలి. మధ్యలో నువ్వెవరివే?"

"వాళ్ళెవరూ ఏమీ అనుకోరమ్మా. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందని అడిగావా?"

కూతురికీ కోపం వచ్చింది. తల్లి నోరే కదా దానికీ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నువ్వు అందరి ఒళ్ళూ కొలిచి, రాసి, దుకాణంలో గోడకి వేలాడదీశావు, నేను ఇక్కడ వేలాడదీశాను, తేడా ఏమిటని నిలదీసింది.

"నేను రాత గోడకి తిప్పి పెడతాను. నువ్వు అది చూశావు. చూసి, తిప్పావు," అంది మిషనమ్మ.

ఇంక మాటలతో పని కాదని ఆవిడకి తెలిసిపోయింది. సంచిలోంచి చుట్ట తీసి కూతురి చేతిలో పెట్టింది. దీపం ఖాళీగా ఉండటం ఇష్టం లేకపోతే ఇది తగిలించుకో, ఎవరినీ అడగక్కర్లేదు, నీదే అంది.

కూతురు విప్పి చదివింది. తల్లి పెన్సిలు రాతే. "చిన్నది. ఎడమ భుజం అర అంగుళం కిందికి. లోపల మెత్త వెయ్యాలి. దానికి చెప్పొద్దు."

ఏడాదిన్నర పిల్లని కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టి, ఎవరికో గుండీ పెడుతూ అటు తిరిగిందా తల్లి. పిల్ల దొర్లి పడింది. విరిగిన ఎముక కొంచెం వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి ప్రతి గౌనులో, ప్రతి చొక్కాలో, ప్రతి కోటులో ఎడమవైపు ఒక సన్నటి మెత్త. కొన్న బట్టలు వేసుకున్నప్పుడల్లా కూతురు, వీళ్ళకి కత్తిరించడం రాదని విసుక్కునేది. తల్లి అవునని తలూపేది.

కూతురి చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ భుజం మీదికి వెళ్ళింది. గుమ్మం దగ్గరి తన బొమ్మ వైపు చూసింది. మిషనమ్మకి సూది వేలిలో దిగినట్టయింది. ఇరవై ఆరేళ్ళు దాచిన మాటని కోపంలో ఒక్క నిమిషంలో బయట పెట్టేసింది. జాలేసింది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

కూతురు నిచ్చెన ఎక్కి, నడుమ కాగితం విప్పి తెచ్చి తల్లికి ఇచ్చింది. తన కాగితం మాత్రం తగిలించలేదు. చుట్ట చుట్టి గుండెకి గట్టిగా హత్తుకుంది.

"మిగతావి ఈ ఒక్క పూట ఉండనీ అమ్మా," అంది, చిన్నప్పటి గొంతుతో.

కన్నకడుపు కదా. మిషనమ్మ సరేనని తలూపింది. అక్కడే తప్పు చేసింది.

అయిదింటికి జనం వచ్చారు. పోస్టాఫీసు తన కాగితం ముందు నిలబడి, "ఏటేటా నడుము రెండు అంగుళాలు" అన్నది చదివి, ఎర్రబడ్డ మొహంతో పక్కకి తప్పుకుంది. లెక్కల టీచరు కొత్తగా ఇస్త్రీ చేసిన బట్టల్లో కోడలితో వచ్చింది. తీరిగ్గా ఒక్కో కాగితం చూస్తూ నడుమకి వచ్చి, ఖాళీ దీపం ముందు ఆగింది.

"ఏమే, నన్ను ఇందులో వెయ్యలేదేం? నేను పనికిరానా?" అని నవ్వింది.

కూతురు తల దించుకుంది. "అమ్మ ఇవ్వలేదు టీచర్."

"ఇవ్వదు," అంది టీచరు. "అందుకేగా ఇన్నేళ్ళూ ఆవిడ దగ్గరే కుట్టించుకుంటున్నాను."

మిషనమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మెప్పుకి తను తగదు. గోడల మధ్య ఇంకా ముప్పై ఒకటి వేలాడుతున్నాయి. ఒక్కోటీ ఒక్కో మనిషి నమ్మి చెప్పిన మాట. టీచరు ఒక్కర్తే మనిషా?

అవతల టీచరు కోడలు ఇంకొకామెతో కలిసి కిసుక్కున నవ్వుతోంది. వాళ్ళ ముందున్నది పెద్దగొంతు కాగితం. "పెళ్ళి గౌను. మూడో నెల. నడుము దగ్గర కుచ్చు ఎక్కువ పెట్టాలి" అని ఉంది. వాళ్ళిద్దరూ పెద్దగొంతు కొడుకు పుట్టిన నెలా, ఆవిడ పెళ్ళయిన నెలా వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు. ఆ కొడుక్కి ఇప్పుడు ఇరవై ఏళ్ళు.

బయట మెట్ల మీద పెద్దగొంతు మాట వినపడింది. ఆవిడ మాట ఆవిడకన్నా ముందే వస్తుంది. కొడుకుని త్వరగా ఎక్కమంటోంది, మిషనమ్మ కూతురు మన కాగితం కూడా పెట్టిందట, ఫోటో తీద్దువుగాని అంటోంది.

మిషనమ్మ కత్తెర తీసింది. నవ్వుతున్న ఇద్దరినీ మోచేత్తో పక్కకి నెట్టి, నిచ్చెన లాక్కుని ఎక్కింది. హాలు చూసుకునే మనిషి, వస్తువులు ముట్టుకోకూడదండీ అంటూ పరిగెత్తుకొచ్చాడు. కూతురు అతని దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఒక చెయ్యి ఇంకా ఎడమ భుజం మీదే ఉంది.

"ముట్టుకోనివ్వండి. అవి ఆవిడవి," అంది.

"నావీ కావే," అంది పైనుంచి మిషనమ్మ.

దారం తెగింది. పెద్దగొంతు గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ కాగితం మిషనమ్మ చంకలో ఉంది, రాత లోపలికి తిరిగి. ఇంకా ముప్పై ఉన్నాయి.