చెమ్మ గోడకి తెర

పెయింటరు కూతుర్ని వాళ్ళ పిన్ని తీసుకెళ్ళి అప్పటికి రెండేళ్ళు దాటింది. తల్లి జ్వరంతో పోయినప్పుడు ఆ పిల్లకి ఏడేళ్ళు. చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉంది. ఛాతీ మీద గొట్టం పెట్టి చూసిన డాక్టరు ఇల్లెలా ఉంటుందని అడిగాడు. కింది అంతస్తులో ఎండ పడని రెండు గదులు, వాటిలో ఒక గోడకి ఏడాది పొడుగునా చెమ్మ అని విని, "ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా మందులు బూడిదలో పోసిన పన్నీరే" అన్నాడు.

అప్పుడు పిన్ని పక్కనే ఉంది. ఆవిడ ఇల్లు ఊరికి ఆ చివర, మేడ మీద. "కొన్నాళ్ళు నా దగ్గరుంచుకుంటాను బావా. నువ్వు మంచి ఇల్లు చూసుకున్నాక తీసుకెళ్దువుగాని" అంది. కొన్నాళ్ళు అనే మాట రబ్బరులాంటిది. సాగదీసినంత దూరం సాగింది.

పెయింటరు ప్రతి ఆదివారం వెళ్ళి కూతుర్ని చూసొచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి రంగులు వేసేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. గోడ మీద అరచెయ్యి ఆనించి, ఇందులో నీరెంత ఉందో చెప్పగలడు. తన ఇంటి గోడ సంగతి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది బడికి సెలవులిచ్చే ముందు పిల్లే అడిగింది. "నాన్నా, ఈసారి మనింటికి రానా? పది రోజులు."

పిన్ని కూరలు తరుగుతున్నదల్లా తలెత్తింది. "చెమ్మ తగ్గిందా బావా?"

"తగ్గిస్తున్నా. గోడ పని మొదలుపెట్టాను" అన్నాడు.

అది అబద్ధం. నోట్లోంచి వచ్చేదాకా అలాంటి అబద్ధం తనలో ఉందని అతనికే తెలీదు. బస్సులో వస్తూ దాన్ని నిజం చెయ్యాలనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళాడు. పై వాటా స్నానాలగది గొట్టం గోడలోపల కారుతోందని, ఆ గొట్టం మార్చి, తడిసిన సిమెంటు కొట్టేసి నెల్లాళ్ళు ఆరబెడితే తప్ప గోడ బాగుపడదని, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఓనరు అంతా విని నవ్వాడు.

"పెయింటరువి నువ్వు. గోడ బాలేదని నా దగ్గరికొస్తావేంటయ్యా? డాక్టరు జలుబు చేసిందని రోగి దగ్గరికెళ్ళినట్టుంది."

"గొట్టం నేను మార్చలేను కదండీ. పైవాళ్ళు ఒప్పుకోవాలి."

"వాళ్ళు ఒప్పుకోరు. నేనడగను. అంత ఇబ్బందైతే ఇంకోటి చూసుకో."

సెలవులకి ఇంకా ఇరవై రోజులుంది. గోడని బాగుచెయ్యలేనని తేలిపోయాక పెయింటరు ఇంటిని అందంగా చెయ్యడం మొదలుపెట్టాడు. చేతిలో ఉన్నది అదొక్కటే.

ఏ ఇంట్లో పనైపోయినా డబ్బాల అడుగున కాస్త రంగు మిగిలిపోతుంది. ఇంటివాళ్ళు పారెయ్యమంటారు. వాటిని తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఏ రంగూ ఒక గోడంతటికీ చాలేంత లేదు. కాబట్టి తలుపు పక్క గోడని గరుకు కాగితంతో రుద్ది, దారం పట్టి గీతలు గీసి, అడుగు వెడల్పున పట్టీలు పట్టీలుగా వేశాడు. ఆకుపచ్చ, దాని మీద లేత పసుపు, ఆ పైన నీలం, అలా ఏడు వచ్చాయి. పళ్ళ దుకాణం వాడు పొయ్యిలోకి విరగ్గొడుతున్న చెక్కపెట్టెలు రెండు అడిగి తెచ్చి, చిత్రికపట్టి, పుస్తకాలకి అర చేశాడు. మంచం కోళ్ళకి తెల్లరంగు వేశాడు. చిరిగిన వెదురుబుట్ట బోర్లించి బల్బుకి తొడిగితే గదంతా చుక్కల చుక్కల వెలుగు పడింది. ఖాళీ సీసాల్లో నీళ్ళు పోసి తీగలు పెట్టాడు. పనిలోంచి వచ్చి, ఒంటి మీద రంగు కడుక్కోకుండానే మళ్ళీ కుంచె పట్టేవాడు. ఈల కూడా వేస్తున్నాడని పక్క వాటా ఆవిడ చెప్పింది. భార్య పోయాక అతని ఈల ఎవరూ వినలేదు.

పక్క వాటా ఆవిడని వీధిలో అందరూ కుట్టుమిషను అక్క అంటారు. కర్టెన్ల షాపువాళ్ళు పాతబడ్డాయని తీసేసిన శాంపిల్ పుస్తకాలు నాలుగు ఆవిడ దగ్గరున్నాయి. చేతిరుమాలంత గుడ్డముక్కలు, ఒకటున్నట్టు ఒకటుండదు. పెయింటరు అవన్నీ కలిపి గోడంత తెర కుట్టిపెట్టమన్నాడు.

"గోడంతా ఎందుకు తమ్ముడూ? కిటికీ ఇంతే కదా."

"ఆ గోడ కనిపించకుండా."

అక్క మిషను ఆపి అతని మొహంలోకి చూసింది. "పైన పటారం, లోన లొటారం అవుతుందేమో చూసుకో."

"పది రోజులే కదక్కా. ఎండాకాలం. గోడ మీద రెండు పూతలు బూజు మందు కొడతాను, వాసన కూడా రాదు."

చెమ్మ గోడ మీద ఏ పూతా నిలవదని అతనికి తెలుసు. అలాంటి గోడలకి పైపైన రంగు వెయ్యమని అడిగిన ఇళ్ళవాళ్ళకి, వద్దండీ, లోపలే కుళ్ళుతుంది అని చెప్పి వచ్చేసినవాడు. ఆ మాట తనకి తను చెప్పుకోలేదు. నల్లమరకలు గీకి, మందు కొట్టి, తెర కట్టేశాడు. మంచం పట్టే చోటు ఆ గోడ వారనే ఉంది. ఇంకెక్కడ వేసినా తలుపు తెరుచుకోదు.

పిల్ల వచ్చిన రోజున గుమ్మంలోనే ఆగిపోయింది. సంచి భుజం మీంచి దించడం కూడా మర్చిపోయింది.

"ఇది మనిల్లేనా నాన్నా?"

"కాదు, రాజుగారిది. మనకి సెలవులకిచ్చాడు."

పిల్ల నవ్వుతూ లోపలికొచ్చి పట్టీల గోడని తాకింది. పెయింటరు ఒక్కొక్క పట్టీ చూపించి చెప్పాడు. ఈ ఆకుపచ్చ పళ్ళ డాక్టరు వరండా, ఈ నీలం బ్యాంకు ఆఫీసరు పడగ్గది, ఈ గులాబీ కొత్తగా పెళ్ళైనవాళ్ళు ముచ్చటపడి వేయించుకుని వారానికే వద్దనుకున్నది. పిల్ల అన్నీ అప్పజెప్పినట్టు మళ్ళీ చెప్పింది. సాయంత్రం కుట్టుమిషను అక్కని చెయ్యి పట్టుకు లాక్కొచ్చి, ఏ పట్టీ ఎవరిదో ఆవిడకీ చెప్పింది. తెరలో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టబోయి, నూట పన్నెండు దగ్గర తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పూట పెయింటరుకి కడుపు నిండినట్టయి అన్నం సయించలేదు.

మూడో రోజున పిల్ల మధ్యాహ్నమంతా వీధి మెట్ల మీద కూర్చుంది. ఎండ మొహం మీద పడుతున్నా లేవలేదు.

"లోపలికి రావేం?"

"ఇక్కడ గాలి బాగుంది నాన్నా."

అక్క ఆ సాయంత్రం అతన్ని పక్కకి పిలిచింది. "పిల్ల ఎగపోస్తోంది. నువ్వు చూశావా?"

"ఎగురుతోంది కదక్కా పొద్దుట్నుంచీ. అలిసిపోయింది" అన్నాడు.

చూడకపోవడం కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగడం చూశాడు. దగ్గొచ్చినప్పుడల్లా పిల్ల మంచినీళ్ళ వంకతో వంటగదిలోకి వెళ్ళడం చూశాడు. చూసిందాన్ని చూడనట్టు లోపలికి తోసేసుకున్నాడు. ఇంకా ఏడు రోజులుంది. ఏడు రోజులు గడిస్తే, పిల్ల బాగానే ఉందని చూపించి, పిన్నిని అడగొచ్చు. అతని ఆలోచనంతా అక్కడే ఉంది.

అయిదో రోజున పిన్ని చెప్పకుండా వచ్చింది. పిల్లకి ఉతికిన బట్టలు తెచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టి, "ఎంత బాగుంది బావా" అని మనస్ఫూర్తిగానే అంది. పిల్ల మంచం మీంచి లేచి ఎదురొచ్చి, పిన్ని నడుముకి చేతులు చుట్టింది. ఆ పట్టులోనే పిన్నికి తెలిసిపోయింది. వంగి, పిల్ల వీపు మీద చెవి ఆనించింది. తలెత్తేసరికి ఆవిడ మొహంలో రంగు లేదు.

ఆటోలో పిల్ల ఇద్దరి మధ్యా కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆసుపత్రిలో ముక్కుకి మాస్కు పెట్టి మందు పొగ పట్టారు. ఎప్పట్నుంచి అని డాక్టరు అడిగితే పిల్ల మాస్కు కాస్త పైకెత్తి, "ఇవాళే" అంది.

"ఇవాళ కాదమ్మా. నాలుగు రోజులైనా అయి ఉండాలి. ఇంకొక్క పూట ఆగితే మా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు డాక్టరు. అది పిల్లతో అన్నా పెద్దవాళ్ళకే అన్నాడు.

పిన్ని మందులు తేవడానికి వెళ్ళినప్పుడు పెయింటరు పిల్ల పక్కన కూర్చున్నాడు. "చెప్పచ్చు కదరా."

"నువ్వు అంత కష్టపడి చేశావు కదా నాన్నా."

అతను పిల్ల పాదం పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పిల్ల సామాను తీసుకెళ్ళడానికి పిన్ని ఒక్కతే ఇంటికొచ్చింది. మంచం కిందికి జారిన చెప్పుల కోసం మంచం జరిపి, తెర అంచు పైకెత్తింది. గోడ మీద అరచెయ్యంత అరచెయ్యంత నల్లటి బూజు. గుడ్డముక్కల వెనకవైపు కూడా చుక్కలు పడ్డాయి. పిల్ల తల పెట్టుకునే చోటే ఎక్కువగా ఉంది.

"ఇదుందని నీకు తెలుసా బావా?"

"తెలుసు."

పిన్ని తెర వదిలేసి మంచం మీద కూర్చుంది. ఆవిడ గొంతు పెంచలేదు. "తాగొచ్చి దాన్ని నేలమీద పడుకోబెట్టి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఇంత ముద్దుగా సర్ది పడుకోబెడితే ఏమనాలి నిన్ను?"

పెయింటరు గోడకానుకుని నిలబడి విన్నాడు. ఆవిడ సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అతను ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. రెండేళ్ళలో వెతకనంతగా వెతికాడు. పని మానేసి మరీ, కాలికి బలపం కట్టుకుని వీధి వీధీ తిరిగాడు. ఒంటరి మగాడికి ఇవ్వం అన్నారు కొందరు. పెయింటరువా, మా ఇంటికి ఊరికే రంగులేస్తావా అని వేళాకోళమాడారు కొందరు. రెండు నెలల తర్వాత ఒక పాత భవనంలో మూడో అంతస్తున ఒక గది దొరికింది. ఒకటే గది. స్నానానికి వరండా చివరికి వెళ్ళాలి. కానీ తూర్పూ దక్షిణం కిటికీలు. పొద్దున్నుంచి మూడింటిదాకా ఎండ.

ఆదివారం దాకా ఎవరికీ ఇవ్వొద్దని గది ఓనరుని బతిమాలి, పిన్నిని తీసుకొచ్చి చూపించాడు. ఆవిడ నాలుగు గోడల మీదా చెయ్యి ఆనించి చూసింది. అలా చూడడం ఆవిడ ఈమధ్యే నేర్చుకుంది.

"గోడలు పొడిగానే ఉన్నాయి" అంది.

"రంగులు కూడా వెయ్యను. సున్నం కొట్టి వదిలేస్తా. మంచం, పుస్తకాలు, అంతే."

పిన్ని కిటికీ దగ్గర నిలబడింది. "నువ్వు పన్లోకి వెళ్ళాక దానికి ఆయాసం వస్తే ఎవరున్నారు బావా ఇక్కడ?"

"పక్కవాళ్ళకి చెప్పి ఉంచుతా. ఫోను కొనిస్తా."

"అది చెప్పదు. మొన్న చెప్పిందా?"

అతను చేతిలోని తాళంచెవి వంక చూశాడు.

"నాకు ధైర్యం చాలదు బావా. నువ్వు చెడ్డవాడివని కాదు. దాని మీద నీకు ప్రాణమని నాకు తెలుసు. ఆ ప్రాణమే నాకు భయం."

"పోనీ దాన్నే అడుగుదాం. వస్తానంటే సరే, రానంటే సరే."

"వస్తానంటుంది" అంది పిన్ని. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు బాధపడతావని వస్తానంటుంది. అందుకే అడగొద్దంటున్నా."

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పెయింటరు కిటికీ రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి దగ్గరికి వేసి, గడియ పెట్టాడు. తాళంచెవి తీసుకెళ్ళి ఓనరుకిచ్చి, వేరేవాళ్ళు ఎవరైనా వస్తే ఇచ్చెయ్యండి అని చెప్పాడు. బస్టాపుదాకా ఇద్దరూ నడిచారు. బస్సెక్కే ముందు పిన్ని, "ఆదివారం మానకు బావా" అంది.

మానలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం వెళ్తాడు. గోళ్ళ సందుల్లో రంగు పోయేదాకా కిరసనాయిలుతో తోముకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదిగంటలకల్లా ఆ మేడ మెట్లెక్కుతాడు. పిల్ల పొడుగైంది. మాటతీరు మారుతోంది. ఆయాసం దాదాపు పోయింది. అడిగినవాటికి జవాబు చెబుతుంది, మార్కులు చూపిస్తుంది, ఈ వారం ఎవరిల్లు నాన్నా అని అడుగుతుంది. అతను చెబుతాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది.

మొన్న ఆదివారం వెళ్ళేసరికి పిన్ని ఇంట్లో లేదు. పిల్లే తలుపు తీసింది. అతన్ని సోఫాలో కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసూ నాలుగు బిస్కెట్లూ పెట్టి తెచ్చింది. అతను నీళ్ళు తాగి గ్లాసు తిరిగి పళ్ళెంలో పెట్టాడు.

"బిస్కెట్లు తీసుకో నాన్నా" అంది పిల్ల ఎదురుగా కుర్చీలో కూర్చుంటూ. "మొహమాటపడకు."

అతను ఒకటి తీసుకున్నాడు.