సుమ్మా ముద్ర

నేనొక రబ్బరు ముద్రను. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇరుకు దుకాణంలో ఇద్దరు అక్కలతో పాటు ఒకే పూట పుట్టాను. చెక్క పిడి, ఎర్ర రబ్బరు ముఖం. మమ్మల్ని చేయించుకున్నది ఒక ఫాదర్ల కాలేజీ. అందరి పట్టాల మీదా ఉండే డిస్టింక్షన్ తమకెందుకని, రోములో చదివొచ్చిన ఒక పెద్ద ఫాదర్ లాటిన్ బిరుదులు పెట్టించాడు. పదికి తొమ్మిది పాయింట్లు వస్తే పెద్దక్క ‘కమ్ లౌడే’, తొమ్మిదింబావు వస్తే చిన్నక్క ‘మాగ్నా కమ్ లౌడే’, తొమ్మిదిన్నర దాటితే నేను, ‘సుమ్మా కమ్ లౌడే’. ప్రతి పేపరూ మొదటిసారే గట్టెక్కాలన్నది షరతు.

పెద్దక్కకి ఏటా ఒంటినిండా సిరాయే. నాకు ఏడాదికి ఒకరో ఇద్దరో. పని లేనిదాన్ని గనక పరీక్షల ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుని మనుషుల్ని చూసేదాన్ని. బాగా తక్కువొచ్చినవాళ్లు ఒక్కసారి అడిగి వెళ్లిపోతారు. వెంట్రుకవాసిలో పోయినవాళ్లు మూడు రోజులు తిరుగుతారు. ఎందుకో నాకిప్పటికీ అంతుబట్టలేదు.

మమ్మల్ని పట్టే చెయ్యి సూపరింటెండెంటు మస్తానయ్యది. సప్లిమెంటరీ రాసిన పేపరు చుట్టూ రిజిస్టరులో ఎర్రసున్నా చుడతాడు. పట్టాల రోజున ఆ సున్నా కనబడితే ఇక పాయింట్లు చూడడు, పేజీ తిప్పేస్తాడు.

ఒక ఏడు అలా తిప్పేసిన పేజీ బత్తుల సువార్తది. ఆమెవి తొమ్మిది పాయింట్ల అరవై నాలుగు. నేను పడితే అక్కడే ఎమ్మెస్సీలో నేరుగా సీటు. ఆ ధీమాతో ఆమె ప్రవేశ పరీక్షకి దరఖాస్తే పెట్టలేదు, గడువూ దాటిపోయింది.

“రూలు రూలేగా అమ్మాయ్. స్టాటిస్టిక్స్ రెండోసారి రాశావు,” అన్నాడు మస్తానయ్య.

“మొదటిసారి రాస్తే గదా సార్ రెండోసారి అయ్యేది. నేనసలు హాల్లోకే రాలేదు.”

“లా చదవాల్సిందానివి, లెక్కల్లో చేరావే.”

ఈ మాటలకి పరీక్షల అధికారి ఫాదర్ ఇన్నయ్య లోపలి గదిలోంచి వచ్చారు. “ఆ పరీక్ష నాడు ఎక్కడున్నావమ్మా?”

“ఢిల్లీలో ఫాదర్, ఎన్‌సీసీ కవాతుకి. కాలేజీయే పంపింది. దండేసి సాగనంపింది మీరే.”

మస్తానయ్య గొంతు సవరించుకున్నాడు. “ఆ ఫోటో నోటీసు బోర్డులో ఇంకా ఉంది ఫాదర్.”

ఫాదర్ నిబంధనల పుస్తకం తెప్పించి ఒకే పేరాని మూడుసార్లు చదివారు. “ఇది రాసి తప్పినవాళ్ల సంగతి. రానివాళ్ల గురించి ఇందులో లేదు. వెయ్యి మస్తానయ్యా.”

నన్ను సిరాలో అద్ది, నోటితో ఒకసారి ఊది, నిదానంగా పట్టా మీద ఒత్తాడు. సువార్త తడి ఆరేదాకా చూసి, “దీనర్థం ఏంటి సార్?” అంది.

పదకొండేళ్లుగా వేస్తున్న మనిషి ఫాదర్ వైపు చూశాడు. నేనూ చూశాను.

“అత్యున్నతమైన మెచ్చుకోలుతో అని,” అన్నారు ఫాదర్.

“ఎవరి మెచ్చుకోలు ఫాదర్?”

మస్తానయ్యే అందుకున్నాడు. “కాలేజీదేలే. ఇయ్యాల్టిదాంట్లో కాస్త నాది గూడా ఉంది, పో.”

మరుసటేడు బిరుదులు కంప్యూటరే అచ్చు కొట్టడం మొదలుపెట్టింది. మేం ముగ్గురం సొరుగులోకి చేరాం. నా ముఖం మీద సిరా అట్టలు కట్టింది. అందులో పైపొర సువార్తది.