ఊరగాయ జాడీలో గుడి

"జాడీ తియ్యవే బావ్‌జూ! పదకొండింటికల్లా పెనాంగ్ వాళ్ళు దిగుతున్నారు," అంటూ మా అన్న కైషన్ కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా వంటింట్లోకి వచ్చాడు. మా అన్న ఊరి పెద్ద. ఇంట్లో మాట్లాడినా పదిమందికి వినబడేలా మాట్లాడతాడు.

నేను పొయ్యి ముందునుంచి కదల్లేదు.

"జాడీ ఉంది. అందులో బూడిద లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదనే. ఎన్నిసార్లు చెప్పను?"

అన్న బియ్యం డబ్బా మీద కూలబడ్డాడు.

బూడిద సంగతి చెప్పాలంటే గుడి సంగతి చెప్పాలి. మా యూన్‌కెంగ్ ఊరి వెనక గుట్ట మీద ఒకప్పుడు తావో గుడి ఉండేది. మూడేళ్ళు వానల్లేక జనం చెట్ల బెరడు తింటున్న రోజుల్లో, చిరుగు చెప్పుల గురువొకడు ఎక్కడినుంచో వచ్చి గుట్టెక్కి ఎండలో కూర్చున్నాడట. ఒక అగరొత్తి ఆరకముందే ఇంకోటి వెలిగించాడట. అగరొత్తులు అయిపోతే చేతికర్ర విరిచి కాల్చాడు, అదీ అయిపోతే జుట్టు కోసి కాల్చాడు. తొమ్మిదో రోజున వాన దంచి కొట్టింది. జనం పరుగున వెళ్ళి చూస్తే గురువు లేడు. నడి వానలో ధూపపాత్ర నిండా వెచ్చటి పొడి బూడిద ఉంది. అందుకే మా గుడిలో విగ్రహం లేదు. ఆ బూడిదే దేవుడు. పాత బూడిదలోనే కొత్త అగరొత్తి గుచ్చాలి తప్ప దాన్ని తీసి పారెయ్యకూడదు. రోగమొస్తే చిటికెడు నీళ్ళలో కలుపుకుని తాగేవాళ్ళం. పొట్టకూటికి సముద్రం దాటి పెనాంగ్ పోయిన మావాళ్ళు తలా కాస్త మూటగట్టుకుపోయి, అక్కడ పిల్లగుళ్ళు కట్టుకున్నారు. వాళ్ళకి మాది అమ్మగుడి.

అరవయ్యారులో, దేవుడే లేడనే పార్టీ తరఫున ఎర్రపట్టీల కుర్రాళ్ళు వచ్చి గుడిని నేలమట్టం చేశారు. విగ్రహం ఎక్కడ దాచారని గోడలన్నీ తవ్వుకున్నారు, పాపం. ధూపపాత్రని పాత ఇనుము కింద పట్టుకుపోయారు. అప్పటికే మా నాన్న బూడిదని ఊరగాయ జాడీలోకి ఒంపి, పైన ఉప్పులో ఊరిన ఆవాకు పరిచి, వాళ్ళ ముందునుంచే నడిచొచ్చాడు. ఒకడు ఆపి, ఒక ఆకు లాక్కుని నమిలాడట. "ఇసుక తగుల్తోందేంటయ్యా! మీ ఆవిడ ఆకు కడగదా?" అన్నాడట. దేవుణ్ణి నమిలి మా అమ్మకి వంకలు పెట్టాడు సన్నాసి.

అన్న పార్టీలో చేరాడు కాబట్టి, నాన్న పోయేముందు జాడీ నా చేతిలో పెట్టాడు.

"ఏం చేశావే దాన్ని?" అన్నాడు అన్న.

"నా చిట్టితల్లికి తాగించాను."

డెబ్భై ఎనిమిది వానాకాలం. నా కూతురికి అయిదేళ్ళు. పదకొండు రోజుల జ్వరం. వాగు మీద వంతెన కొట్టుకుపోయింది, వైద్యుడు రాలేడు. మొదట చిటికెడు కలిపాను. తర్వాత చెంచాడు. తర్వాత లెక్క చూసుకోలేదు. ఆఖరికి జాడీ కడిగి ఆ నీళ్ళు కూడా పోశాను. తెల్లారేసరికి పిల్ల చల్లబడింది.

మాలో పసివాళ్ళు పోతే సమాధి కట్టరు, పేరెత్తరు. మేనమామ చాపలో చుట్టి తీసుకెళ్ళి ఎక్కడో పెట్టి వస్తాడు. ఆ చోటు తల్లికి తెలియకూడదు. నేను చాటుగా వెంట వెళ్ళాను. అన్న గుట్ట దిగిపోయాక, గుడి మొండిగోడల వెనక ఆ మట్టి మీద ఒక తెల్లరాయి పెట్టి వచ్చాను. ఇరవై ఏళ్ళుగా పుల్లలు ఏరే వంకతో వెళ్ళి చూసి వస్తున్నాను.

ఆ గుట్టని వచ్చే నెల ఒకటో తారీఖున రాళ్ళ క్వారీకి ఇచ్చేస్తున్నారు. పేరున్న సమాధులైతే వేరేచోటికి మారుస్తారు. పేరు లేని నా పిల్లని కంకరలో కలిపేస్తారు. తవ్వి తెచ్చుకుందామంటే ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఎర్రమట్టిలో ఎముకైనా మిగలదు. పెనాంగ్ వాళ్ళు గుడి తిరిగి కడితేనే గుట్ట దక్కుతుంది. అమ్మగుడి బూడిద ఉంటేనే వాళ్ళు కడతారు. ఉందని అన్న ఉత్తరం రాసేశాడు. ఊరికి గుడి కావాలి, నాకు ఆ గుట్ట కావాలి.

అన్న లేచాడు. పొయ్యిలోంచి పారతో బూడిద తీశాడు.

"పాపం కాదా, అన్నా?"

"క్వారీవాడు పుణ్యం చేస్తున్నాడా? నోరు మూసుకుని జాడీ పట్టుకో."

పట్టుకున్నాను. ఎందుకు అబద్ధం చెప్పాలి, జాడీ మూతి తుడిచింది కూడా నేనే.

పెనాంగ్ వాళ్ళు బస్సులో దిగారు. వాళ్ళ గుడి పెద్ద టియో జాడీ చూడగానే నేలమీద పడి ఏడ్చాడు. ఊరంతా టపాకాయలు. అన్న కళ్ళు తుడుచుకున్నాడు, నిజంగానే. ఆ కాసేపూ నా పిల్ల బతికినట్టే అనిపించింది నాకు.

అప్పుడు టియో భార్య గేక్‌లాన్‌ని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. చొక్కాలో మనిషి ఉందా లేదా అన్నట్టుంది. నా చెయ్యి పట్టుకుంది.

"కడుపులో గడ్డ, చెల్లీ. ఆపరేషన్ చేస్తే బతుకుతానంటున్నారు. నేనే ఒప్పుకోలేదు. అమ్మగుడి బూడిద తాగితే కత్తి ఎందుకు చెప్పు? నీ చేత్తోనే కలిపి ఇయ్యి."

గ్లాసు తెచ్చారు. నా చేతివేళ్ళే జాడీలోకి వెళ్ళాయి, నీళ్ళలో కలిపాయి. ఆవిడ గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, పెదాల దాకా తెచ్చింది. నా పిల్ల కూడా అలాగే కళ్ళు మూసుకుని తాగేది. తాగితే తగ్గిపోతుంది కదమ్మా, అని అడిగేది.

గ్లాసు తోసి పారేశాను.

"తాగకక్కా! పొయ్యి బూడిద! పొద్దున మా పొయ్యిలోంచి తీసింది. అసలుది ఎప్పుడో అయిపోయింది. అసలుదే నా బిడ్డని బతికించలేదు! పోయి ఆపరేషన్ చేయించుకో, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"బావ్‌జూ!" అని అన్న అరిచాడు. 

ఊరంతా నావైపే చూస్తోంది. మా గుట్టని, మా గురువుని, నా బిడ్డని నా నోటితోనే ముంచేశాను. నేలమీద కూర్చుని నెత్తి కొట్టుకున్నాను.

టియో జాడీకి మూత పెట్టేశాడు. "బూడిద లేనిచోట మేం గుడి కట్టలేమమ్మా. మావాళ్ళు ఒప్పుకోరు."

గేక్‌లాన్ మాత్రం నా పక్కనే నేలమీద కూర్చుంది. "మొత్తం ఆ పిల్లే తాగిందా?"

"మొత్తం."

"ఎక్కడుంది?"

అన్న తల దించుకున్నాడు. "వాళ్ళమ్మకి తెలీదండీ..."

"తెలుసు," అన్నాను.

అందర్నీ గుట్టెక్కించాను. ఆవిడని కుర్చీలో మోసుకొచ్చారు. తెల్లరాయి చూసి అన్న గోడకి తిరిగి నిలబడ్డాడు. టియో జేబులోంచి రెండు నెలవంక చెక్కలు తీశాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే గురువు ఒప్పుకున్నట్టు. "నీ బూడిదంతా తాగిన పిల్ల ఈ మట్టిలోనే ఉంది. దీన్ని మా ధూపపాత్రలో కలుపుకోవచ్చా, గురువా?" అని అడిగి మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ ఒప్పుకున్నాడు. అంత దయే ఉంటే ఆ పదకొండు రోజులూ ఎక్కడికి పోయావయ్యా, అని నేను పైకే అడిగాను. ఎవరూ నన్ను వారించలేదు.

గేక్‌లాన్ చిటికెడు మట్టి ఎర్రగుడ్డలో కట్టుకుంది. కలం తీసింది.

"గుడ్డ మీద రాయాలి, చెల్లీ. పాప పేరేంటి?"

ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎవ్వరూ అడగలేదు. నేను తెల్లరాయిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. గోడవైపు తిరిగి ఉన్న మా అన్నే చెప్పాడు, "చ్యావ్‌యూన్," అని.

మట్టి పెనాంగ్ గుడికి చేరింది గానీ, బూడిద లేదని ఇక్కడ గుడి కట్టడానికి వాళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. ఒకటో తారీఖున క్వారీ మొదలైంది. రోజుకి రెండుసార్లు పేలుస్తారు. గుట్ట ఇప్పుడు సగం ఉంది, గుడి వెనక భాగం లేదు. గేక్‌లాన్‌కి ఆపరేషన్ అయిందని ఉత్తరం వచ్చింది. బతికిందో లేదో ఆ తర్వాత తెలియలేదు. పొయ్యి బూడిద పెరట్లో పారబోసి జాడీ కడిగాను. తెల్లరాయి అందులో ఉంది. రోజూ పొద్దున్నే మూత తీసి, నా కూతుర్ని పేరు పెట్టి గట్టిగా పిలుస్తాను. ఎవడు వద్దంటాడో చూస్తాను.