ఉస్సురనే బ్యాగులు

పెద్దక్క పొద్దున్న ఎనిమిదింటికల్లా మూడో అంతస్తు ఎక్కి, మెషిన్ మీద గుడ్డ తీసి, సూదిలో దారం ఎక్కించేది. రేకుల కప్పు కింద పదకొండు మెషిన్లు. పేరున్న ఒక కంపెనీ బ్యాగులకి నకళ్ళు కుట్టడం అక్కడి పని. ఒరిజినల్ ఒకటి యజమాని గదిలో అద్దాల బీరువాలో ఉండేది. పద్దెనిమిదేళ్ళుగా పెద్దక్క దాన్నే చూస్తూ కుడుతోంది. కుట్టుకి కుట్టు, మడతకి మడత. అందరికన్నా వయసులో పెద్దది కాబట్టి పెద్దక్క అయింది, అంతే.

ఆవిడ కుట్టిన బ్యాగులు నిట్టూర్చేవి. జిప్పు తీయగానే, రోజంతా నిలబడి పనిచేసిన మనిషి కుర్చీలో కూలబడ్డట్టు, లోపల్నుంచి ఉస్సురని వినిపించేది.

"పెద్దక్కా, ఇవాళ నీ సరుకు మరీ నీరసంగా ఉందే," అనేది పక్క మెషిన్ ఆవిడ.

"నడుం నొప్పే తల్లీ," అనేది పెద్దక్క. అంతకుమించి ఆ సంగతి ఎవరూ మాట్లాడుకోలేదు.

కొనేవాళ్ళకి మాత్రం అది తెగ నచ్చింది. ఆఫీసుల్నుంచి ఇళ్ళకెళ్ళే ఆడవాళ్ళు బస్సులో జిప్పు తీసి, బ్యాగు తమ తరఫున ఉస్సురంటే హాయిగా కళ్ళు మూసుకునేవాళ్ళు. ఏడాది తిరక్కుండా బజారంతా అవే. పక్క వీధివాళ్ళు లోపల రబ్బరు తిత్తి పెట్టి కుట్టారు. అవి బాతుపిల్లల్లా కీచుమనేవి, అయినా అమ్ముడుపోయాయి. యజమాని నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"సిగ్గుండాలి వెధవలకి! ఒకళ్ళ కష్టాన్ని ఇలా కాపీ కొడతారా?"

పదకొండు మెషిన్లూ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాయి.

ఆ వారమే అసలు కంపెనీ నుంచి మేనేజరమ్మ వచ్చింది. యజమాని కంగారుగా బీరువాకి దుప్పటి కప్పబోయాడు.

"ఉంచండి, పోలీసుల్ని తీసుకురాలేదు," అంది. కుర్చీ కోసం చుట్టూ చూసి, కనపడక గోడకి ఆనుకుంది. "మా షోరూముకి రోజూ బ్యాగులు వెనక్కొస్తున్నాయి. ఇవి నిట్టూర్చట్లేదు, డూప్లికేట్ అంటగట్టారని గొడవ. ఆ నిట్టూర్చేవి మీలో ఎవరు కుడతారు?"

అందరూ పెద్దక్క వైపు చూశారు.

పెద్దక్క ఇంటికెళ్ళి, కంపెనీలో పనికి పిలిచారని కూతురికి చెప్పింది. "వెళ్ళనా?"

"నన్నడుగుతావేంటమ్మా? మా అమ్మ ఏం పని చేస్తుందో కాలేజీలో ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నా. వెళ్ళు." మళ్ళీ పుస్తకంలోకి చూస్తూ, "నడుం పట్టీ పెట్టుకెళ్ళు," అంది కూతురు.

కంపెనీలో పెద్దక్కకి కిటికీ పక్కన చోటిచ్చారు. వెనక్కి వాలే కుర్చీ. నాలుగింటికల్లా పని ఆపేయమనేవాళ్ళు. పదిరోజుల్లో నడుం నొప్పి తగ్గింది, నెలకి ఆనవాలు లేకుండా పోయింది. ఆవిడ కుట్టిన బ్యాగులు మాత్రం నోరెత్తలేదు.

"పైవాళ్ళు శుక్రవారం దాకా చూస్తారట పెద్దక్కా," అంది మేనేజరమ్మ. "ఆపైన నా చేతుల్లో లేదు."

పాత చోట పెద్దక్క మెషిన్ మీద అప్పటికే వేరే మనిషి కూర్చుంది. నిట్టూర్పు రప్పించాలని తంటాలు పడింది. పోయిన భర్తని తలుచుకుంది. ఎండాకాలం రేకుల కింది వేడిని తలుచుకుంది. చివరికి ఊపిరి గట్టిగా పీల్చి కుట్టు మీదికి వదిలింది. జిప్పు తీస్తే బ్యాగు కీచుమంది. తన నిట్టూర్పుకి తనే నకలు కొట్టినందుకు ఆవిడకి సిగ్గేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరమ్మ రాగానే ఉన్నమాట చెప్పేసింది.

"రావట్లేదు మేడమ్. దాచడమెందుకు, ఇక్కడ ఒళ్ళు తేలికైపోయింది. పడుకుంటే తెల్లారేదాకా మెలకువే రావట్లేదు. పంపించేయండి."

మేనేజరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని, కుట్టు పూర్తికాని బ్యాగొకటి ఒళ్ళోకి తీసుకుంది. ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు. పెద్దక్క అవతలి కొస పట్టుకుని మిగిలిన కుట్టు చేత్తోనే వేసింది. దారం తెంపి, జిప్పు తీశారు.

బ్యాగు ఉస్సురంది. పొడుగ్గా, ఎక్కడో అడుగునుంచి. పద్దెనిమిదేళ్ళలో పెద్దక్క అంత అలసట ఎన్నడూ కుట్టలేదు.

"ఇది నాది కాదు మేడమ్."

"తెలుసు." మేనేజరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకోటి ఉందా?"

ఆ పూట ఏడు బ్యాగులు పూర్తయ్యాయి. పెద్దక్క ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత రోజూ భోజనాలయ్యాక మేనేజరమ్మ వచ్చి కూర్చునేది. రెండు నెలలకి ఆవిడ మొహం తేటపడింది, ఒళ్ళో పెట్టుకున్న బ్యాగులు మూగబోయాయి.

"నా దగ్గర అయిపోయినట్టుంది పెద్దక్కా," అని నవ్వి వెళ్ళిపోయింది.

మర్నాడు స్టోర్సులో పనిచేసే పెద్దమనిషి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలీనట్టు చొక్కా మడతలు సరిచేసుకుంటున్నాడు.

"ఇక్కడ కాసేపు కూర్చోవచ్చని మేడమ్ అన్నారు..."

పెద్దక్క స్టూలుని కిటికీ వైపు జరిపింది.

"కూర్చోండి బాబుగారూ," అంది. "తొందరేం లేదు."