టీచరమ్మ ఉపవాసం

అవి ఎనభైల మొదటి రోజులు. కృష్ణగిరి చర్చిలో శుక్రవారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకు బైబిల్లోని మూడో సువార్త చెప్పేది స్కూలు టీచరు జ్ఞానాంబ. ఆమె చెప్పే తీరంటే అందరికీ గురి. ఆ వారం భోజనాల సంగతి ఎత్తుకుంది.

"ఈ సువార్తలో ప్రభువు మాటిమాటికీ ఎవరో ఒకరింట తింటూనే కనిపిస్తాడు. ఊరు అసహ్యించుకున్నవాళ్ల ఇంటికి తానే అడిగి మరీ పోతాడు. పేదలు, విధవలు, పాపులనిపించుకున్నవాళ్లు, అందరికంటే వీళ్లే ఆయనకు దగ్గర" అంటుంటే కొందరు కళ్లు తుడుచుకున్నారు.

క్లాసయ్యాక బసవమ్మ దగ్గరికొచ్చింది. బర్గూరు దారిలో క్వారీ కూలి. మొగుడు పోయాక ఈమధ్యే బాప్తిస్మం తీసుకుంది.

"టీచరమ్మా, కోడి కోసినాను. మా ఇంటికొచ్చి రోంత తినిపోండమ్మా."

ఆ గుడిసెలు, ఆ మురుగు, చూసి నవ్వే జనం జ్ఞానాంబ కళ్లముందు మెదిలాయి.

"ఈపొద్దు ఉపవాసం ఉండాను బసవమ్మా" అనేసింది.

సాయంత్రం బట్టలంగడివాళ్ల కోమల వచ్చింది. ఇద్దరూ వసారాలో బజ్జీలు తింటుండగా గేటు చప్పుడైంది. బసవమ్మ! చేతిలో గుడ్డ కట్టిన గిన్నె.

"పొద్దుగూకినాక తింటారు కదా అని కూర తెచ్చినా..." అంటూ పళ్లెం చూసి ఆగిపోయింది. గిన్నెను కొంగుచాటుకు లాక్కుంది. "నాదే తప్పమ్మా. మిమ్మల్ని పిలిచుండకూడదు" అని గబగబా వెళ్లిపోయింది.

"ఎవరు?" అంది కోమల.

"ఎవరోలే" అంది జ్ఞానాంబ. ఆ మాట తన చెవికే తగిలి తల వాలిపోయింది. ఆ రాత్రంతా బసవమ్మ ముఖమే.

మర్నాడు బస్సెక్కి, దారి అడుగుతూ ఆ గుడిసె చేరుకుంది. బసవమ్మ కంగారుగా బయట చాప పరిచింది.

"నిన్న నాకు ఉపవాసం లేదు. నీకు అబద్ధం చెప్పినాను. ఏముంటే అది పెట్టమ్మా."

"కూర పక్కింటోళ్లకు ఇచ్చేసినా. సంగటి ఉంది. ఈడే కూర్చోండి. లోపలికొస్తే మీకు తినబుద్ధి కాదు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. జ్ఞానాంబ తట్టుకోలేకపోయింది అందుకే. వంగి లోపలికెళ్లి పొయ్యి దగ్గర కూర్చుంది.

"నువ్వూ కూర్చో, కలిసి తిందాం."

"మీరు తినండమ్మా. నేను తర్వాత" అంది బసవమ్మ, గోడకు ఆనుకుని నిలబడి.

ఎంత బతిమాలినా కూర్చోలేదు. జ్ఞానాంబ తలెత్తకుండా ఒక్కతే తినింది.