గిన్నెకు అంటని కణాలు

మొగుడు పోయి నెల తిరక్కముందే అరుణజ్యోతి ల్యాబుకు వచ్చేసింది. పొద్దున కాఫీ తాగిన మనిషి మధ్యాహ్నానికి గుండె ఆగి పోతే ఈ యమ్మకు చీమ కుట్టినట్టయినా లేదే అని కడపలో వీధంతా ముక్కున వేలేసుకుంది. జమ్మలమడుగు నుంచి వచ్చిన అత్త గురమ్మ అయితే మొహం మీదే అడిగింది.

"ఒక్క చుక్కన్నా రాల్చలే. నా కొడుకు నీకేమీ గాడా?"

అరుణజ్యోతి ఏడుద్దామనే చూసింది, రాలేదు. తిన్నది తెలియదు, పడుకున్నది తెలియదు, లోపలంతా మొద్దుబారిపోయింది. అత్త అన్నదే నిజమేమో, తనకు ఆయన మీద ప్రేమే లేదేమో అన్న భయం ఒక్కటి మిగిలింది.

ఆమె పరిశోధన కూడా దుఃఖం మీదే. దేవుడికి ఎకసెక్కాలు కాకపోతే ఇదేమిటి! మనిషి దిగులు పడితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఊరుతుంది. మన కణాలేమో ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతాయి. ఆ హార్మోన్ ఎక్కువైతే ఆ పట్టు సడలుతుందా అన్నది ఆమె ప్రశ్న. కర్నూలు పల్లెల్లో ఏడాదిలోపు భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్ళ రక్తం తెస్తారు. అందులోని తేటను గిన్నెల్లో పెంచిన కణాల మీద పోసి, మెల్లగా కడిగి, ఎన్ని అంటుకుని మిగిలాయో చూస్తారు. పోల్చుకోవడానికి ఏ దిగులూ లేనివాళ్ళ రక్తం కూడా కావాలి. దానికి బయట వెతకడం ఎందుకని ల్యాబులో వాళ్ళే వంతులవారీగా చెయ్యి చాపడం అలవాటు.

ఈసారి ఎవరని అనుకుంటుంటే అరుణజ్యోతి చెయ్యి చాపింది. సూది దిగినా చురుక్కుమనలేదు. టెక్నీషియన్ ఓబులేష్ వద్దనబోయి, చివరికి సీసా మీద 'నార్మల్' అని చీటీ అంటించాడు. మేడంకు ఎదురుచెప్పే మొనగాడెవడు? ఆమెకైతే అందులో తప్పే కనిపించలేదు. ల్యాబంతటికీ నింపాదిగా ఉన్నది తనొక్కతే కదా!

మర్నాడు గిన్నెలు కడిగారు. మైక్రోస్కోప్ మీద వంగిన ఓబులేష్ ఎంతకీ లేవలేదు.

"మేడమ్, నార్మల్ గిన్నె పాడైనట్టుండాది. కణాలన్నీ ఊడొచ్చినాయి."

"సీసాలు తారుమారు చేసినావేమో."

"లేదు మేడమ్, ఒట్టు. మళ్ళా మళ్ళా చూసినా. పల్లెల్నించి తెచ్చినవాటికన్నా అధ్వానంగా ఉండాది."

ఆమె చూసింది. అక్కడక్కడా మిగిలిన కణాలు కూడా గుండ్రంగా ముడుచుకుని, నేడో రేపో ఊడేటట్టున్నాయి. కార్టిసాల్ కొలిచారు. వచ్చిన అంకె ఆ పల్లెల ఆడవాళ్ళ అంకెలన్నిటికన్నా ఎక్కువ. అది చూసి ఓబులేష్ తల దించుకున్నాడు. ఒక్కరి రక్తంతో ఏదీ రుజువు కాదని విద్యార్థులకు రోజూ చెప్పేది ఆమే. అయినా చాలాసేపు ఆ గిన్నెను వదల్లేదు.

"పారబోస్తాలే మేడమ్. నా రక్తం తీసుకుందాం. ఎవురికీ తెలీదు."

"పారబోయొద్దప్పా. నాది అటు పక్క పెట్టు."

"యాడ?"

"ఆ ఆడోళ్ళ గిన్నెల్లో."

ఓబులేష్ గిన్నెను అటు జరిపాడు. వాళ్ళలో చేరాలంటే వాళ్ళను అడిగినవన్నీ అడగాలి. అది ఆమె పెట్టిన నియమమే. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"అడుగు. వాళ్ళనెట్ల అడిగినావో అట్లే అడుగు."

వయసు అడిగాడు, చెప్పింది. నిద్ర పడతాందా అన్నాడు, తెలీదంది. ఆకలి అయితాందా అన్నాడు, అదీ తెలీదంది. తర్వాతి ప్రశ్న కాగితంలోంచి తలెత్తకుండా అడిగాడు.

"మీ ఇంటాయన పేరు మేడమ్?"

పల్లెల్లో ఈ ప్రశ్నకు ఆడవాళ్ళు నోరు విప్పరు. మొగుడి పేరు పలకకూడదు కదా! పక్కన కూర్చున్న ఏ సుంకమ్మో అందుకుని చెప్పేది. చూసి అరుణజ్యోతి లోపల్లోపల నవ్వుకునేది. తీరా చూస్తే తనూ ఏనాడూ పలికింది లేదు. ఎంత చదువుకున్నా కాపురమంతా 'ఏమప్పా'తోనే గడిచిపోయింది. ఇప్పుడామె తెలియకుండానే పక్కకు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు.

ఓబులేష్‌కు ఆ పేరు తెలుసు. పాపం, తనే చెప్పబోయాడు. ఆమె చేత్తో ఆపింది.

"ధనుంజయ" అంది.

మళ్ళీ అంది. మూడోసారి ఆ పేరు సగంలోనే విరిగిపోయి, ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. ఓబులేష్ తలుపు దగ్గరగా వేసి, బయట నిలబడ్డాడు.