రేగాకు సంచి

అస్రాకు ఎనిమిదేళ్లు. నోరు మాత్రం ఎనభయ్యేళ్లది. ఆ నోటికి సరిజోడు వాళ్ల అమ్మమ్మ తయ్యబా, అస్రా పిలుపులో నానీ. కడప నుంచి ఒమాన్ దేశంలో రైసూత్‌లోని కూతురింటికి వచ్చి మూడు నెలలైంది. నిన్న సాయంత్రం ఇద్దరూ ఒకే దుప్పట్లో దూరి ఫోన్లో ఇరాన్ సినిమా చూశారు. తమ్ముడి గాలిపటానికి దారం కోసం ఒక చిన్నపిల్ల ఊరంతా తిరుగుతుంది, అంతే కథ. ఫారసీలో నాలుగు మాటలు ఉర్దూలా తగిలేసరికి నానీకి మొత్తం అర్థమైపోయినట్టే!

"ఆ అంగడోని చేతులు పడిపోను! మూరెడు దారం ఇస్తే వాని సొమ్మేం పోతాదంట?" అని తెరమీది మనిషిని తిట్టిపోసింది. సగంలో ఆయాసం వచ్చింది. "మిగిలింది రేపు చూద్దాం. నన్నిడిసి నువ్వొక్కదానివే చూసేవు, జాగర్త!" అని ఒట్టు వేయించుకుని మరీ పడుకుంది.

తెల్లవారేసరికి పోయింది. ఆ సంగతి అస్రాకు చెప్పడానికి ఇంట్లో ఒక్కరికీ నోరు రాలేదు. గది తలుపు వేసేశారు. నాన్న షోయబ్ పోర్టు డ్యూటీ బట్టల్లోనే ఖననానికి కావాల్సిన కాగితాల కోసం పరుగెత్తాడు. పోయినవాళ్ల ఆఖరి స్నానానికి నీళ్లలో రేగాకు కలపాలి. అమ్మ గౌహర్ పిల్ల చేతికి సంచి ఇచ్చి, "హసన్ తాత వాకిట్లో రేగిచెట్టుంది గదా, లేతాకు కోసుకురాపో. పక్కింటోళ్లూ నేనూ కలిసి నానీకి నీళ్లు పోయాల," అంది.

అస్రాకు అనుమానం రాలేదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నానీ తలకు రుద్దుకునేది ఆ ఆకే మరి. తలంటుకుంటే నానీకి ప్రాణం లేచొస్తుంది, లేచొస్తే మిగతా సినిమా చూడొచ్చు. పిచ్చిపిల్ల, ఎగురుకుంటూ పోయింది.

చేతులు ముళ్లకు గీరుకున్నా ముదురాకు ఒక్కటీ వేయలేదు. అందని కొమ్మను హసన్ వంచి పట్టుకున్నాడు. ఒమానీ ముసలాయన, హిందీ బాగానే వచ్చు. ఇంత ఆకు ఎందుకని అడిగాడు.

"నానీకి. అమ్మా, పక్కింటి ఆంటీలూ అందరూ కలిసి నీళ్లు పోస్తారంట!" అంది గొప్పగా.

ఆయన కొమ్మ వదిలేశాడు. "ఇన్నా లిల్లాహి..." అన్నాడు మెల్లగా.

ఆ మాట ఎప్పుడంటారో అస్రాకు తెలుసు. ఎవరైనా చనిపోయారని వింటే అనాలని మదరసాలో నేర్పారు.

పోయిన దారే, తిరిగొచ్చేటప్పుడు ఎంతకీ తరగలేదు. గుమ్మం ముందు ఎక్కడ చూసినా చెప్పులే. అమ్మ చెయ్యి చాపింది. అస్రా సంచిని కడుపుకు అదుముకుంది.

"ఇయ్యను."

"ఇయ్యి బంగారూ, పొద్దుపోతాంది."

"ఇస్తే నీళ్లు పోస్తారు. పోసినాక ఎత్తుకోనిపోతారు. నేనియ్యను పో!"

గౌహర్ లాక్కోలేదు, కసరలేదు. గడపలోనే కూలబడింది. "నీకు నానీ అయితే, నాకు అమ్మ గదా తల్లీ. నేను మాత్రం పంపిస్తానంటానా?" అని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ అట్లా ఏడవడం అస్రా ఎన్నడూ చూడలేదు. భయమేసింది, దుఃఖం ముంచుకొచ్చింది.

చివరికి సంచి అమ్మ ఒళ్లో పెట్టింది.

"సన్నీళ్లు పోయొద్దు మా," అంది. "నానీకి చలి."